ఖమర్‌బీ గుడ్డులో పురుగు

కొండాపురం దగ్గర, ముంపు ఊర్ల కాలనీలోని పశువుల ఆసుపత్రి. సరోజమ్మ తెచ్చిన చిన్న సీసాను కాంపౌండరు నరేష్ వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

"చూసింది చాల్లే నరేషూ. పురుగే గదా, అంతసేపు చూడనీకి ఏముండాది. మా పక్కింటి ఖమర్‌బీ కోళ్ళల్లో రోగముండాదని ఒక ముక్క రాసియ్యి, పోతా."

"ఉండు పెద్దమ్మా. ఇది గుడ్డులో యాడ కనపడింది? తెల్లసొనలోనా, పచ్చసొనలోనా?"

"యాడుంటే ఏమప్పా. ఉండాది, అంతే. మా కోడలు శిరీష మూడు దినాల కిందట పొద్దన్నే ఆమ్లెట్టు ఏసుకుందామని గుడ్డు కొట్టి గిన్నెలో పోసింది. చూస్తే సేమ్యా మాదిరి ఇంత పొడుగు. నెలలు నిండిన పిల్ల, తిన్నదంతా కక్కుకున్నాది."

"అది ఖమర్‌బీ దగ్గర కొన్న గుడ్డేనా?"

"ఇంకెవరిది? కాలనీ అంతా తినేది ఆయమ్మ గుడ్లే గదా. ప్రొద్దుటూరు నుంచి కార్లేసుకొని వస్తాండారు. నాటుగుడ్లంటే ఖమర్‌బీ, ఖమర్‌బీ అంటే నాటుగుడ్లు. ఇంకెవరి ఇంట్లోనూ కోళ్ళే లేనట్టు."

"గుడ్డులోకి పురుగు రావడం శానా అరుదు పెద్దమ్మా. ఇది కోడి పేగుల్లో ఉండేది. కడుపు నిండా పడినప్పుడు ఎప్పుడో ఒకటి దారి తప్పి, గుడ్డు తయారయ్యే గొట్టంలోకి పాకుతాది. గుడ్డు దాన్ని లోపలేసుకొని పెంకు కట్టుకుంటాది. నా సర్వీసులో ఒక్కసారి చూసినా."

"ఇప్పుడు రెండోసారి చూస్తాండావు. రాయి."

"అన్ని పురుగులు పడిన కోడి గుడ్లే సరిగా పెట్టదు. తల మీద తురాయి పాలిపోతాది. ఎంత తిన్నా రొమ్ము ఎముక తేలి చేతికి గుచ్చుకుంటాది. ఖమర్‌బీ కోళ్ళు అట్ల లేవే."

"పైకి నిగనిగలాడితే లోపల ఏముందో ఎవరికి తెలుసు?"

"లోపల గూడా చూసినా. నువ్వు కాలనీలో ఇంటింటికీ చెప్పినావంట గదా. మొన్ననే ఆయమ్మ కోళ్ళ రెట్ట జమ్మలమడుగుకు తీసకపోయి మైక్రోస్కోపు కింద పెట్టించినా. ఏమీ ల్యా. మూడు నెలలకోసారి తప్పకుండా పురుగుల మందు తాపుతాది."

"తాపుతాది. అన్నీ చేస్తాది. ఆయమ్మకు చేతకానిది ఏముందిలే."

"నీ కోళ్ళు ఎట్లుండాయి?"

"నా కోళ్ళ సంగతెందుకిప్పుడు? నేనొచ్చింది వాటికి కాదు."

"ఊరికే అడుగుతాండా."

"ఉండాయి. తింటాండాయి, తిరుగుతాండాయి."

"గుడ్లు పెడతాండాయా?"

"ఎండలకు తగ్గించినాయి."

"తురాయి ఎర్రగా ఉండాదా?"

"నువ్వేందప్పా, పోలీసోడి మాదిరి."

"సరే. ఈ పురుగుకు ఏం అంటుకొని ఉండాదో చూసినావా?"

"ఏముంటాది. సొన ఎండి ఉంటాది."

"సొన కాదు. రెట్ట. గుడ్డు లోపల రెట్ట యాడ నుంచి వస్తాది పెద్దమ్మా?"

"గిన్నె సరిగా కడగలేదేమో."

"శిరీష కడగని గిన్నెలో గుడ్డు కొడతాదా?"

"శిరీష, శిరీష. నీకు గూడా ఆ పిల్ల శుభ్రం సంగతి తెలుసు. కొంచెం నీళ్ళియ్యప్పా."

"ఇదో. ముందు ఆ బల్ల మీద కూర్చో. గుడ్డు కొట్టినాక శిరీష ఆడనే ఉండిందా?"

"ఎర్రగడ్డలు తెచ్చుకోను వసారాలోకి పోయింది."

"అప్పుడు?"

"అప్పుడు... చీపురుపుల్లతో నేనే ఏసినా. నా కోడిదే అది. గూడు ఊడుస్తాంటే రెట్టలో కదలాడతా కనపడింది. పారేద్దామనే ఎత్తినా నరేషూ, ప్రభువు మీద ఒట్టు. ఇంట్లోకి తొంగి చూస్తే గిన్నెలో ఆ గుడ్డు. పసుపుముద్ద మాదిరి పచ్చసొన. నా కోళ్ళు పెట్టేవి వెలవెలపోయి ఉంటాయి. చెయ్యి దానంతట అదే పోయింది."

"ఒక గుడ్డు కోసమా?"

"గుడ్డు కోసం ఎవరు చేస్తారప్పా. ఆ పిల్లకు తల్లి ల్యా. మా ప్రేమ్ సాగర్‌ను చేసుకొని వచ్చినప్పుడు, ఇంక నేనే తల్లినని పాస్టరయ్య ముందర చెప్పినా. రెండేండ్లాయ. ఇప్పటికీ నన్ను 'అత్తా, మీరు' అంటాది. ఖమర్‌బీనేమో 'అమ్మా, నువ్వు'. పాత ఊర్లో ఆయమ్మ ఇల్లు ఆ కొస, మాది ఈ కొస. ఊరు మునిగి ఈడ ప్లాట్లిచ్చినప్పుడు ఇద్దరికీ ఒకే గోడ పడింది. గుడ్లకని పోయి గంటసేపు కూర్చుంటాది. ఆ నవ్వు గోడ ఇవతలికి వినపడతాది. నా ఇంట్లో ఒక్కనాడు అట్ల నవ్వలేదు. కాళ్ళు వాచినాయని గూడా ముందు ఆడనే చెప్పింది. ఆయమ్మ ఆముదం రాసి పట్టిందంట. నాకు మూడు దినాలకు తెలిసింది."

"పోనీలే పెద్దమ్మా. ఈ మందు తీసకపో. నీళ్ళల్లో కలిపి పొద్దన్నే తాపు. పది దినాలు ఆ గుడ్లు ఎవరూ తినొద్దు. మూడు వారాలకు మళ్ళా ఒకసారి తాపు. గూట్లో తడి ల్యాకుండా చూసుకో."

"అంతేనా? కాలనీలో చెప్పవా నా సంగతి?"

"చెప్దామనే అనుకున్నా. ఖమర్‌బీ వద్దన్నాది."

"ఆయమ్మకు ఎట్ల తెలుసు?"

"గిన్నె నువ్వే తీసకపోయి చూపించినావంట గదా. ఆ రెట్ట చూసి అప్పుడే తెలుసుకున్నాది. నీ కోళ్ళు వాలిపోయి ఉండేది ఆయమ్మకు రోజూ కనపడతానే ఉండాది. జమ్మలమడుగు కాయితం నేను తీసకపోయి ఇస్తే పొయ్యిలో ఏసింది. పురుగు తన కోడిదేనని అడిగినోళ్ళకు చెప్తాండాది. రెండు దినాల నుంచి ఒక్కరు గూడా గుడ్లకు రాలేదు."

"ఎందుకట్ల చేసింది?"

"అసలు సంగతి తెలిస్తే శిరీష కాన్పయినాక మీ గడప తొక్కదంట. తల్లిలేని పిల్లకు ఉండే ఒక్క ఇల్లు పోతాదంట. నాలుగు నెలలు గుడ్లు అమ్మకపోతే నేనేం చావనులే అన్నాది. నీ చేతిలో ఉండే మందు గూడా ఆయమ్మ చెప్పి తీసిపెట్టించిందే. తన పేరు ఎత్తకుండా ఇయ్యమన్నాది... ఏంది పెద్దమ్మా, ఏడుస్తాండావా?"

"ఏడుపు కాదు, మంట. తప్పు నేను చేస్తే మంచితనం ఆయమ్మకు దక్కిందే. ఇంక చచ్చేదాకా గోడ అవతల నుంచి నన్ను చూసి ఏమీ అనకుండా ఊరకుంటాది. నేనెట్ల బతకాల?"

"నువ్వు గూడా ఊరకుండు. మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలీదు."

"ఫోనెత్తు. శిరీషకు కలుపు."

"ఏం చెప్తావు?"

"చేసింది చేసినట్టు చెప్తా."

"వద్దు పెద్దమ్మా, ఒక నెల ఆగు. ఆ పిల్లకు నీ మీద శానా కోపమొస్తాది."

"రానీ. ఆ కోపం నాది నరేషూ. దాన్ని గూడా ఖమర్‌బీకి ఇయ్యను."