గుమ్మం అవతలికి

అక్కడ కాదు నాయనా, ఇంకా కింద. ఆ, అక్కడే! కాస్త చేతులు రుద్దుకుని ముట్టుకుంటే ఏం పోయింది? డాక్టరువయ్యావు గానీ ఆ చేతులు మాత్రం చిన్నప్పటివే, ఎప్పుడూ మంచుముద్దలే.

నా కాళ్ళకేసి అలా చూడకు. ఆ చెప్పుల సంగతి తర్వాత చెప్తాను.

ఎలా తగిలిందంటావా? నవ్వనని మాటివ్వు ముందు. ఇవాళ మా బాలబడిలో గెంటివేత పండగ. మర్చిపోయావా ఏంటి? సెలవులయ్యాక పెద్దబడికి పోయే పిల్లల్ని ఒక్కొక్కరినీ కాళ్ళూ చేతులూ పట్టి ఊపి, గుమ్మంలోంచి బయట పరుపు మీదికి విసిరేస్తామే! నిన్నూ నేనే విసిరాను ఇంగ్వర్. నీ చెప్పు జారి వెళ్ళి మీ అమ్మ తెచ్చిన చెర్రీ కేకులో పడింది.

ఒకసారి విసిరాక మళ్ళీ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఆ నియమం నేను పెట్టిందే.

అంతా బాగానే సాగింది. కేకలు పెట్టుకుంటూ ఎగిరారు అందరూ. ఆఖరికి ఫెన్యా మిగిలింది. మూడేళ్ళప్పుడు లోపలికి రానని ఏ తలుపు పట్టుకుని ఏడ్చిందో, ఇవాళ అదే తలుపు పట్టుకుని బయటికి పోనంది. నీకేం తక్కువే తల్లీ అన్నాను. కత్తెర పట్టడం వచ్చు, బూట్లకి ముడి వేయడం వచ్చు, పేరు రాసుకుంటావు, నీ వంతు వచ్చేదాకా నోరు మూసుకుని ఆగుతావు. పెద్దబడికి ఇంకేం కావాలి?

దానికి ఆ పిల్ల ఏమందో తెలుసా? "నీకూ అవన్నీ వచ్చు కదా హైకే. మరి నిన్నెందుకు ఇంకా విసరలేదు?"

ఈ వేసవితో నాకు పింఛను. అది ఊరందరికీ తెలుసు. ఎవరికీ తెలియందేంటంటే, ఇంకో ఏడాది ఉండనివ్వమని మా బడి పెద్దావిణ్ణి బతిమాలి నిన్ననే ఒప్పించుకున్నాను. నవ్వుతున్నావు కదూ? నీ చేతులు ఊగుతున్నాయి, నా నడుముకి తెలుస్తోంది.

నువ్వు ఎగిరితే నేనూ ఎగురుతానని బేరం పెట్టింది ఫెన్యా. సరేలే అన్నాను, ఏదో మాటవరసకి.

ఇక చూడు! బయట ఉన్నవాళ్ళు లోపలికి రాకూడదు కదా, అందుకని గుమ్మం అవతలే నిలబడి నా చేతులు పట్టి లాగారు. లోపలినుంచి చిన్నపిల్లలు తోశారు. మా వంటావిడ గెర్డా నా కాళ్ళెత్తేసింది, దానికెన్నాళ్ళ కసి ఉందో మరి.

ఎగిరాను ఇంగ్వర్. ఈ వయసులో, ఈ ఒళ్ళేసుకుని, నిజంగా ఎగిరాను! పరుపు అంచున పడ్డాను, నడుం కలుక్కుమంది. లేవకుండా అలాగే పడి నవ్వాను, కళ్ళంట నీళ్ళు కారేదాకా. నా వెనకే ఫెన్యా వచ్చి నా పొట్ట మీద పడింది.

తర్వాతేముంది? కొత్త బడిసంచులు వీపులకి తగిలించుకుని అమ్మానాన్నలతో వెళ్ళిపోయారు. ఫెన్యా కూడా. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. నువ్వూ చూడలేదులే, నాకు గుర్తుంది. అలా చూడకుండా పోయేట్టు తయారుచేయడమే కదా ఇన్నేళ్ళూ నా పని. నన్ను నేను తయారుచేసుకోవడమే మర్చిపోయాను.

వారం సెలవు రాస్తానంటావా? వద్దులే. గెంటేసినదానికి సెలవెందుకు? రేపు వెళ్ళి, ఇంకో ఏడాది నాకొద్దని పెద్దావిడకి చెప్పేస్తాను. లోపలికి మాత్రం అడుగు పెట్టను, గుమ్మం బయటినుంచే చెప్తాను. నేను పెట్టిన నియమం నేనే తప్పితే ఫెన్యా ఊరుకుంటుందా?

ఈ చెప్పులంటావా? బాలబడి లోపల తిరిగే చెప్పులు. వీటితోనే విసిరేశారు, వీటితోనే నీ దగ్గరికి వచ్చాను. నా బూట్లు ఇంకా అక్కడే, పిల్లలు కోట్లు తగిలించే కొక్కేల కింద ఉన్నాయి.

పోనీలే. వాటినీ విసిరేయమంటాను.