వెండెల్ ఊపిరి పరీక్ష

"నాకేం ఇబ్బంది లేదన్నాడు" అని రాసేశాడండీ ఊపిరి పరీక్ష చేసిన ఆ డాక్టరు. చూడండి, రిపోర్టు మూడో పేజీలో ఉంది. మా ఆయన ఆ మాట అన్నది నిజమేనండీ హోబర్ట్‌గారూ. ఎలా ఉన్నారని అడిగితే వెండెల్ ఇంకేమంటాడు? మన నెబ్రాస్కాలో మగాడు ట్రాక్టరు కింద పడి ఉన్నా బానే ఉన్నాననే అంటాడు. మీరైతే ఏమనేవారు?

నవ్వండి, పర్లేదు.

కింద ఇంకా ఉంది. గడ్డం శుభ్రంగా గీసుకొచ్చాడట, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడట. గీసింది నేనండీ. ఆయన ఒక చెంప గీసుకునేసరికే ఆయాసమొచ్చి కూలబడ్డాడు. సర్కారు డాక్టరు దగ్గరికి మాసిన గడ్డంతో పంపుతానా?

ఇరాక్‌లో ఈయన సైన్యంలో ఉన్న ఏడాదిపాటు క్యాంపు చెత్తంతా గోతిలో పోసి తగలబెట్టారు. టైర్లు, ప్లాస్టిక్కు, అన్నీ. ఈయన డ్యూటీ ఆ గొయ్యి పక్కనే. వచ్చినప్పట్నుంచీ దగ్గే. మీకు కొత్తగా చెప్పేదేముంది, మన మాజీ సైనికుల లీజియన్ సంఘం వాళ్ల ఈ హాల్లోనే శుక్రవారం చేపలు వేయిస్తుంటే ఆ పొగకి బయట చలిలో నిలబడేవాడు.

కానీ ఊపిరి పరీక్షలో అంకె బాగా వచ్చింది. సైన్యం వల్ల వచ్చిన జబ్బేమీ కనబడలేదని పరిహారం కోసం పెట్టుకున్న దరఖాస్తు కొట్టేశారు. ఆ ఉత్తరం చదివి ఏమన్నాడో తెలుసా? "మిషను అబద్ధం చెబుతుందా లోర్నా? నేనే ఊహించుకుంటున్నానేమో. నాటకాలాడేవాళ్లలో నేనూ ఒకణ్ణేమో" అన్నాడు.

ఆ తర్వాత నా ఎదుట దగ్గడం మానేశాడండీ. దగ్గు వస్తే గరాజులోకి పోయి తలుపేసుకునేవాడు. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని.

మార్చిలో పోయాడు. మనిషి పోయిన ఏడాదిలోపు ఆయన బదులు భార్య అప్పీలు చేయొచ్చని మీరే అన్నారు కదా, అందుకే వచ్చాను. మీ నాన్న అబద్ధమాడలేదని పిల్లలకి ఒక కాగితం చూపించాలి. అంతే నాకు కావాల్సింది.

సాక్ష్యం ఏదైనా ఉందా అని అడిగారు. ఉంది. రాసుకోండి.

పరీక్ష రోజు పొద్దుట్నుంచీ పీల్చే మందు వాడొద్దని వాళ్లు ముందే కాగితం పంపారు. దాన్ని చదివింది నేనే, ఆయన ఆ కాగితం ముట్టుకోను కూడా లేదు. తీరా అక్కడికెళ్లాక, హాల్లో కూర్చున్న కుర్ర సైనికుల ముందు దగ్గి దగ్గి మొహం కందిపోయింది. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. చూడలేకపోయానండీ. కారు దగ్గరికి తీసుకెళ్లి, నా బ్యాగులోంచి ఆ మందు తీసి రెండుసార్లు పీల్పించాను. లోపలికి నిటారుగా నడిచి వెళ్లాడు.

ఉత్తరం వచ్చినరోజే నాకు అర్థమైపోయింది. చెప్పి ఉంటే మళ్లీ పరీక్ష పెట్టమని అడిగేవాడు. ఎంత పని చేశావే అంటాడని భయపడ్డాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపేశాను.

వద్దండీ, కాఫీ వద్దు. మీరు రాయండి. ఆ అంకె ఆయన ఊపిరిది కాదు, మందుది. ఇచ్చింది భార్య.

ఇది పంపితే గెలుస్తామేమో లెండి. ఆయన మాత్రం తనే అబద్ధాలకోరునని నమ్మి పోయాడు.