అయిదో వాక్యం నా సొంతం

ఏంది ఉమాశ్రీ మేడమ్ గిట్ల? అయిదుకు అయిదు మార్కులొచ్చిన పేపరు మళ్ల రాయాల్నా? మీ హెచ్చార్ల కొత్త రూలా?

కూసోమంటరా? ఈ కుర్చీలు రోజూ తుడుస్త గని, కూసుంటె ఎట్లుంటదో ఇయ్యాలనే తెలిసింది. మెత్తగుంది.

మా హౌస్‌కీపింగోళ్లకు ఇంగ్లీషు నేర్పుడు మీ కంపెనీ పెట్టిందే కద. శుక్రవారం మేం తినే టైముల క్లాసు, అయినంక ఫొటో. రసజ్ఞ మేడమ్ మంచిగనే చెప్పిండ్రు. ఎవరి గురించి చెప్తున్నమో అది సబ్జెక్టు, కింద ఒక గీత. వాళ్ల గురించి ఏం చెప్తున్నమో అది ప్రెడికేటు, కింద రెండు గీతలు. కరెక్టేనా?

బోర్డు మీద మటుకు ఎప్పుడూ "రజిత క్లీన్స్ ది టేబుల్, సార్ డ్రింక్స్ కాఫీ." నెలంతా నేను తుడుసుడే, సారు తాగుడే!

పరీక్షల అయిదు వాక్యాలు సొంతంగ రాయుమన్నరు, ఆఫీసుల చూసినయి. రాసిన. లిఫ్టు పైకి పోతది, ఏసీ సల్లగుంటది... గట్ల నాలుగు. అయిదోది, "లోహిత్ సార్ హోల్డ్స్ మై హ్యాండ్ ఇన్ ది ప్యాంట్రీ."

సారు కింద ఒక గీత, మిగిలినదానికి రెండు. రసజ్ఞ మేడమ్ రైటు కొట్టి, పక్కన నవ్వే బొమ్మ గూడ వేసిండ్రు! గీతలు సక్కగుంటె ఇగ చదువుడెందుకు?

ఏమంటరు? లోహిత్ సార్ తీసేసి మల్లమ్మ అని పెట్టాల్నా? అయ్యో, నాతోని ఊడ్చే మల్లమ్మ నా చెయ్యి పట్టుకుంటె నేనెందుకు రాస్త మేడమ్?

కంప్లైంటు డబ్బాల వెయ్యాల్నా? వేసిన. మూడుసార్లు, తెలుగుల. ఆ డబ్బా ఎవరి రూముల ఉన్నదో మీకు తెల్వదా? మా మేనేజరు లోహిత్ సారు రూములనే. మూడోసారి నా కాగితం నాకే తెచ్చిచ్చి, చేతిరాత బాగున్నదన్నడు.

అవును, సూపర్వైజర్ పోస్టుకు నా పేరు పోయింది. ఇది మార్చకుంటె ఆ పోస్టు రాదు. అర్థమైంది మేడమ్, గంత ఇంగ్లీషు నాకొచ్చింది.

ఒక్క మాట చెప్తా. నాకు ఇంగ్లీషు మీద మోజేం లేదు. మొదటి శుక్రవారం నుంచి నాకు కావాల్సింది ఆ ఒక్క వాక్యమే. పరీక్ష పేపర్లు క్యాంటీను గోడకు అంటిస్తరని తెల్సినంకనే క్లాసుకు పేరిచ్చిన. మిగిలిన నాలుగు, దాని పక్కన కూసోబెట్టిన చుట్టాలు.

పొద్దటి సంది గోడ మీదనే ఉన్నది. టిఫినుకొచ్చినోళ్లంత ఫోన్లు తీసిండ్రు.

గోడ కాడికి రబ్బరెందుకు మేడమ్? పెన్నుతోని రాసిన.