వారంటీ పోకుండా

అపార్టుమెంటు సెల్లారులో మోటార్‌సైకిల్ సెంటర్ స్టాండ్ మీద ఉంది. పాత దుప్పటి పరుచుకుని వదిన దాని పక్కన కూర్చుంది. మరిది టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

“...వద్దు వదినా, నా మాట విను. షోరూమ్ వాళ్ళకి ఇచ్చేద్దాం. ఆయిల్ వాళ్ళే మారుస్తారు.”

“ఎందుకివ్వాలి? ఇంతవరకు ఈ బండి మీద మీ అన్నయ్య తప్ప ఇంకొకళ్ళు చెయ్యి వేశారా? టార్చి ఇటు పట్టు.”

“మనం ఏదైనా తేడాగా చేస్తే వారంటీ పోతుంది.”

“పోదు. పొద్దున షోరూముకి వెళ్ళి అడిగొచ్చాను. పుస్తకంలో రాసిన ఆయిలే పొయ్యమన్నాడు, ఫిల్టరు కంపెనీదే వెయ్యమన్నాడు. బిల్లులు దాచుకోండి, ఇంజను మాత్రం విప్పకండి, ఇంట్లో చేసుకుంటే మాకేం అభ్యంతరం లేదన్నాడు. మీ అన్నయ్య చేసిందీ అదేగా.”

“సరే, కానీ ఇప్పుడేం కొంపలు మునిగాయి? బండి నిన్ననే కదా పోలీస్ స్టేషన్ నుంచి తెచ్చాం.”

“అక్కడ వానలో, దుమ్ములో ఎట్లా పడుందో చూశావుగా. రేపు ఆయన వచ్చి, నా బండిని ఇలాగేనా ఉంచేది అంటే ఏం చెప్పను?”

“వదినా...”

“అలా పిలిచి ఆగిపోకు చిన్నా. నువ్వూ వాళ్ళలాగే అనుకుంటున్నావా?”

“నేనేం అనుకోవట్లేదు.”

“అనుకుంటున్నావు. అందరూ అదే అనుకుంటున్నారు. బండి వంతెన మీద ఉందట, తాళం వేసుందట, హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించుందట, ఇంకేముందమ్మా అంటాడు ఆ పోలీసాయన. నీళ్ళలో వెతికారుగా, దొరికారా? దొరకనప్పుడు ఉన్నట్టే కదా. అత్తయ్య నా మొహం చూడటమే మానేశారు. అందరిలో నేనొక్కదాన్నే పిచ్చిదాన్నా?”

“పిచ్చిదానివని ఎవరన్నారు? స్పానర్ అటు కాదు, ఇటు తిప్పు.”

“తెలుసు. ఆయన చేస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్నిగా. ఆఁ, కదిలింది. ట్రే జరుపు. ఇంకొంచెం, ఇంకొంచెం...”

“వస్తోందా?”

“వస్తోంది. చిన్నా, టార్చి దగ్గరికి పెట్టు.”

“పెట్టాను.”

“ఇదేంటి, నల్లగా లేదే?”

“ఏది?”

“ఆయిల్. చూడు, తేనెలా ఉంది. ఇది వాడిన ఆయిల్ కాదు. ఆయన మార్చేశారు. వెళ్ళేముందే మార్చారు.”

“మార్చుండొచ్చు.”

“ఉండొచ్చు ఏంటి? ఆ రోజు నేను ఆఫీసుకి బయల్దేరేటప్పటికి పడుకునే ఉన్నారు. నేనటు వెళ్ళగానే కిందికి దిగొచ్చి ఉంటారు. ఆలోచించు చిన్నా. చావాలనుకున్న మనిషి కూర్చుని ఆయిల్ మారుస్తాడా? వారంటీ గురించి పట్టించుకుంటాడా? పద, స్టేషన్‌కి వెళ్దాం.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. ఈ ట్రే తీసుకెళ్ళి చూపిద్దాం. తిరిగొద్దామనే వెళ్ళారు, వెతకడం ఆపకండి అని కాళ్ళు పట్టుకుంటాను. ఉద్యోగం పోయినప్పట్నుంచీ కంటిమీద కునుకు లేదు ఆయనకి. మనసు బాగోక ఎక్కడికో వెళ్ళుంటారు. లే. ఎందుకలా చూస్తావ్?”

“కూర్చో వదినా.”

“కూర్చోను.”

“ఆయిల్ ఒక్కటే కాదు. నిన్న స్టేషన్ నుంచి బండి నడుపుకొచ్చింది నేనే కదా, అప్పుడే తెలిసింది. షోరూమ్‌వాళ్ళచేత మళ్ళీ మామూలుగా పెట్టించేద్దామనుకున్నాను, నీ కంట పడకుండా.”

“ఏం పెట్టించడం? ఏం తెలిసింది?”

“క్లచ్ పట్టుకో.”

“ఎందుకు?”

“పట్టుకో వదినా, ఒక్కసారి.”

“మెత్తగా ఉందే. ఇది రెండు చేతులతో లాగినా వచ్చేది కాదు నాకు. పాడైందా?”

“పాడవలేదు. కేబుల్‌కి నూనె పెట్టాడు, లివరు దగ్గరికి జరిపాడు. అద్దాలు కూడా వంచాడు. నేను కూర్చుంటే వాటిల్లో నా చొక్కా జేబు తప్ప ఏం కనబడలేదు. వెనక షాక్ అబ్జార్బర్లు మెత్తగా చేసి బండినే కిందికి దించాడు. కొత్త పార్టు ఒక్కటీ వెయ్యలేదు, అన్నీ కంపెనీ ఇచ్చిన సర్దుబాట్లే. వారంటీ ఎక్కడా పోదు.”

“దించడమేంటి? ఆయన అంత పొడుగు మనిషి. ఎవరికోసం దించారు?”

“బోల్టు పెట్టేశాను. స్టాండ్ తీస్తున్నాను, కొంచెం జరుగు. ఎక్కు.”

“నాకు బండి రాదుగా. నేర్పండి, నేర్పండి అని ఎన్నిసార్లు అడిగాను. నీకు కాళ్ళందవే అని నవ్వేసేవారు.”

“తెలుసు. నేను పట్టుకుంటాను, పడిపోవు. ఎక్కు.”

“వద్దు చిన్నా. నాకు భయమేస్తోంది.”

“నాకూ భయంగానే ఉంది. ఎక్కు.”

“గట్టిగా పట్టుకో.”

“పట్టుకున్నాను. కాళ్ళు కింద పెట్టు వదినా.”

“ఆనాయి చిన్నా. రెండు పాదాలూ ఆనాయి.”