ఉప్పు చూడని శనివారాలు

ఆగు, పిల్వకు. ఆ సప్లయర్‌ను పిల్వకు బిడ్డా, జర నా మాట ఇను. సాంబార్ల ఉప్పు లేదంటవు, అంతే గద? నాకెరుకే. పోయిన నెల వచ్చినప్పుడు ఎక్కువైండె, నోట్ల పెట్టుకుంటే కళ్లల్ల నీళ్లొచ్చినయి. శనివారం గిట్లనే ఉంటది ఈడ. నీ మోచేతికాడ చిన్న గిన్నె ఉంది సూడు, దాంట్ల ఉప్పుంటది. చిటికెడు ఏసుకో, కలుపుకో, తిను. తక్కిన ఆరు దినాలు ఈ గిన్నె ఏ బల్ల మీదా కనవడదు, సాంబారు తాగితే నాలిక ఇంకో గిన్నె అడుగుతది. శనివారం ఒక్కదినమే ఈ పద్ధతి. ఎందుకో మీ అమ్మ చెప్పలే నీకు? చెప్పదు లే. చెప్పబోతే దానికి ఏడుపొస్తది. నేను చెప్త. మన బస్సు ఇంకా అరగంటకు గాని రాదు, ముప్పై ఏండ్లు కండక్టర్ చేసినోనికి టైము చెప్పకు శ్రీజా. ఇగో, ఆ బల్లకాడి అన్న గూడ ఇటే సూస్తుండు. రా అన్నా, కుర్చీ జరుపుకో, ఇది దాసుకునే ముచ్చట కాదు.

గల్లా వెనక గోడకు ఫోటో ఉంది సూడు, నిండు బుగ్గలు, నవ్వుకుంట. ఆయిననే నాగప్ప. ఈ హోటల్ ఆయినదే, ఇప్పుడు లోపట వండుతున్న ధనలక్ష్మి ఆయిన బిడ్డ. రాయచూరు దిక్కుకెల్లి గద్వాలకు వచ్చిండు, మాట్లాడితే సగం మన తెలుగు, సగం కన్నడం. ఉప్మాను ఉప్పిట్టు అంటుండె. కొసరి కొసరి ఏస్తుంటే మనకు వచ్చిన ఒక్క కన్నడం ముక్కతోని 'బేడ నాగప్పా, బేడ', వద్దు వద్దు అన్నా ఇనకపోతుండె. 'నీకు బేడ, నీ కడుపుకు బేడ లేదు' అని ఇంకో గరిటె ఏసి పోతుండె. తిండంటే ప్రాణం ఆయినకు. పొయ్యికాడ నిలబడి ఏ గిన్నె ఉడికినా గరిటెతోని రెండు సుక్కలు అరిసేతుల పోసుకొని, కండ్లు మూసుకొని నాకుతుండె. మా భజన మండలిల నేను హార్మోనియం శ్రుతి సూస్కుంట గద, అచ్చం అట్ల. నాకి, తలకాయ ఊపితేనే గిన్నె దిగుతది. ఊపకపోతే మల్లా చింతపులుసో ఉప్పో పడాల్సిందే. పొద్దటి నుంచి మాపటి దాకా ఉప్పు సూసుడే సూసుడు, దాంతోనే కడుపు నిండుతుండెనేమో, మల్ల భోజనం వేరే. శివరాత్రి నాడు గూడ ఉపాసం ఉండకపోతుండె. నేను అడిగితే ఏమన్నడో తెలుసా? 'కురుమన్నా, దేవుడు నన్ను వండుమని పంపిండు గని మాడుమని పంపలే.' నేను నామాలు పెట్టుకున్నోన్ని, నాకే నవ్వొచ్చింది.

ఇది రెండువేల మూడుల మాట. మీ అమ్మను గోపాల్‌పేటకు ఇచ్చి నాలుగేండ్లు అయ్యింది అప్పటికి. రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లు పోయింది. మూడోసారి నిలిచినప్పుడు వనపర్తి దవాఖానల డాక్టరమ్మ మంచం దిగొద్దని చెప్పింది. నా బిడ్డ ఆడ మంచం మీద, నేను ఈడ బస్సుల. ఏం జేస్త? కురుమూర్తి గుట్టెక్కిన. స్వామి ముంగట నిలబడి, నీ పేరు పెట్టుకున్నోన్ని, నా బిడ్డ కడుపు నిలుపు, ఇరవై ఒక్క శనివారాలు ఒక్కపొద్దు ఉంట అని మొక్కిన. ఒక్కపొద్దు అంటే మా ఇంట్ల గట్టిది పిల్లా. పొద్దుగూకినంక పూజ చేసి ఒక్కపూట అన్నం. పగటీలి అన్నం ముట్టొద్దు. అన్నమే కాదు, బియ్యంతోని అయ్యేటివి ఏవీ ముట్టొద్దు. ఇడ్లీ వద్దు, దోశ వద్దు, అటుకులు వద్దు. గోధుమ రవ్వ ఉప్మా ఒక్కటి నడుస్తది. అందుకని శనివారం పొద్దుగాల డ్యూటీ ఎక్కేముందు ఈ నాగప్ప తాన ఒక ప్లేటు ఉప్మా తిని బస్సెక్కుతుంటి. నాకోసమని ఆయిన శనివారం ఉప్మాల జీడిపప్పు నాలుగు పలుకులు ఎక్కువ ఏస్తుండె. దేవునికి తెలుస్తదిలే, ఆయిన గూడ జీడిపప్పు తింటడు అంటుండె.

నా బస్సు గద్వాల నుంచి నాగర్‌కర్నూల్. ఎర్రవల్లి చౌరస్తా, కృష్ణ మీద బీచుపల్లి బ్రిడ్జి, పెబ్బేరు, వనపర్తి, గోపాల్‌పేట. అంటే దినాం మీ అమ్మ ఊరి మీదికెల్లే పోతుంటి, దిగి సూసే తీరిక లేదు. ఇప్పటి లెక్క చేతిల ఫోన్లు యాడియి? అందుకని మీ నాయనమ్మ అమృతమ్మ బస్సు టైముకు వచ్చి స్టేజీ కాడ నిలబడుతుండె. చెయ్యి లేపిందంటే మీ అమ్మ ఉమారాణి బాగుంది అని. అంతే. నేను ఫుట్‌బోర్డు మీదికెల్లి సూస్త, ఆమె చెయ్యి లేపుతది, నేను రైట్ రైట్ అంట. మా డ్రైవర్ దేవదాసు, ఆయిన ఏసుప్రభువును కొలిచేటోడు, మంచి మనిషి, ఆ స్టేజీ కాడ ఎవరూ దిగకున్నా ఎక్కకున్నా బ్రేకు తొక్కుతుండె.

ఇగ ఇర్వయ్యో శనివారం. ఇంకొక్క వారం అయితే మొక్కు తీరుతది. పొద్దుగాల ఉప్మా తిన్న, బస్సెక్కిన, టికెట్లు కొట్టిన. నాగప్ప ఆ దినం లేడు, టమాటలకని మార్కెట్‌కు పోయిండు. పొయ్యికాడ ఆయిన భార్య తిమ్మమ్మ ఉన్నది. గోధుమ రవ్వ తక్కువ పడ్డది. తిమ్మమ్మ ఏం జేసింది, పక్క డబ్బల ఉన్న ఇడ్లీ రవ్వ రెండు దోసిళ్లు కలిపింది. మన ఇండ్లల్ల ఆడోళ్లు చెయ్యని పనా ఇది? ఇంటికి సుట్టమొస్తే అందులదింత ఇందులదింత కలిపి గిన్నె నింపుతరు. నాకేం తెల్వలే, ఇంకా పొడిపొడిగ మంచిగుంది అనుకున్న. నాగప్ప వచ్చిండు, అలవాటు గద, గిన్నెల మిగిలిన ఉప్మా ఒక్క ముద్ద నోట్ల ఏసుకున్నడు. ఆ నాలిక అసుమంటిది మరి. 'ఇందుల బియ్యం ఉంది' అన్నడంట. తిమ్మమ్మ ఔనన్నది. 'కురుమన్న తిన్నడా?' అంటే, రెండుసార్లు పెట్టించుకొని తిన్నడు అన్నది.

ఎవరైనా ఏం జేస్తరు? నోరు మూస్కుంటరు. తిన్నోనికి తెల్వదు, పెట్టినామె చెప్పదు, కత ఒడిసింది. నాగప్ప ఏం జేసిండో చెప్త ఇను. ఎవలిదో లూనా దొరకవట్టుకొని, వెనక కూసొని, భుజం మీద ఉల్లిగడ్డ వాసన కొట్టే తువ్వాలతోని ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చిండు. అక్కడ కర్నూల్ బస్సు దిగేటోళ్ల కోసం మేము పది నిమిషాలు ఆగుతం. లూనా మీద నాగప్ప అంటే, కింద బండి ఉన్నదా లేదా అని వెతకాలె. దిగిండు, బస్సెక్కిండు, అందరి ముంగట నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. దండం పెట్టిండు. టికెట్ల మిషిన్ అట్లనే పట్టుకొని సీట్ల కూలవడ్డ.

ఇగ బస్సుల పంచాయతి మొదలైంది. గట్టు ఊరికెల్లి వచ్చిన ఒక ముసలామె, తెల్వక తింటే దోషం లేదు నాయనా అన్నది. ఆమె వెనక సీటాయిన, నిప్పు తెల్వక ముట్టినా కాలుతది గదమ్మా అన్నడు. ఇడ్లీ రవ్వను ఉడికిచ్చి, దంచి, ఆరబెట్టి చేస్తరు, అది బియ్యం కిందికి రాదని ఇంకొకాయిన. అయితె అన్నం గూడ ఉడికిచ్చేదే గద అని ఇంకొకామె. ఎనకాల ఎవరో, ముందు బస్సు నడపుండ్రి, దేవుడు పెబ్బేరుల గూడ ఉంటడు అని. అందరు నవ్విండ్రు, నేను నవ్వలే. దేవదాసు ఇంజిన్ బంద్ పెట్టి వెనకకు మళ్లి, 'తెల్వక తిన్నది దేవుడు లెక్క జెయ్యడన్నా, గని నీ మనసుల పడ్డది పోదు, నాకు తెలుసు' అన్నడు. గది నిజం. నా మనసుల ఒక్కటే తిరుగుతుంది. ఇర్వై వారాలు పోయినయి, మల్ల మొదటి నుంచి పడితే అప్పటికి కాన్పు దాటుతది. నా బిడ్డకు ఏమన్న అయితే, ఈ ఉప్మా ముద్ద నా గొంతుల చచ్చేదాకా ఉంటది.

అప్పుడు నాగప్ప నా భుజం మీద చెయ్యేసిండు. ఆ చెయ్యి ఇప్పటికీ బరువుగనే ఉన్నట్టుంటది. 'కురుమన్నా, నీది చెడలే. చెడింది నా పొయ్యి మీద. నీ ఇరవై ఒకటి నువ్వు పూర్తి జెయ్యి. నా పొయ్యిది నేను ఉంట, ఇరవై ఒక్క శనివారాలు. ఏ నాలిక పట్టిందో ఆ నాలికకు తాళమేస్త. పొద్దుగూకేదాకా ఉప్పు గూడ సూడ' అన్నడు.

బస్సంతా నాగప్ప పొట్ట దిక్కు సూసింది. తర్వాత ఆ ముసలామె, నువ్వా నాగప్పా అన్నది. అంతే, బస్సు బస్సంతా పడి పడి నవ్వింది, ఈసారి నేను గూడ.

అయితె ఉన్నడా? ఉన్నడు బిడ్డా. మొదటి శనివారం నేను కావాల్నని పొయ్యికాడికి పోయి సూసిన. గరిటె లేపుతుండు, అరిసెయ్యి చాపుతుండు, యాదికొచ్చి నడుముకు తుడుసుకుంటుండు. చట్నీ చప్పగ, సాంబారు ఉప్పు కషాయం. తిమ్మమ్మ సూస్తనంటె వద్దన్నడు, 'నా పొయ్యి నాతోని ఉపాసం ఉండాలె' అని. తినేటోళ్లు మొకాలు ముడుసుకున్నరు. నాగప్ప వచ్చి, అయ్యా, ఇయ్యాల నేను ఉప్పు సూడలే, కండక్టర్ బిడ్డ కోసం అన్నడు. అంతే, ఒక్కరు గూడ ప్లేటు జరపలే. రెండో వారానికి బల్లకొక ఉప్పు గిన్నె వచ్చింది. మూడో వారానికి, ముద్ద నోట్ల ఏసుకున్నోడు లోపటికి ఇనవడేటట్టు 'తక్కువైంది నాగప్పా' అని ఒకడు, 'ఎక్కువైంది' అని ఒకడు. ఇగ ఎంత ఉప్పేసిండో అని పందాలు. మా డిపో డ్రైవర్లు, మార్కెట్ హమాలోళ్లు, శనివారం సంతల బట్టలు అమ్మేటోళ్లు, నేను లోపల అడుగు పెడితే సాలు, 'బిడ్డెట్లుంది కండక్టర్ సాబ్?' మీ అమ్మ మొకం సూడనోళ్లే అందరు. అందరికీ ఆమెకు ఎన్నో నెలనో తెలుసు. నువ్వు పుట్టకముందే నీకోసం చప్పటి సాంబారు తిన్నోళ్లు ఈ గద్వాలల ఎంతమంది ఉన్నరో నాకే తెల్వదు.

నాగప్పది పదో శనివారం. గోపాల్‌పేట స్టేజీ వచ్చింది. మీ నాయనమ్మ లేదు. దేవదాసు బ్రేకు తొక్కిండు, ఇంజిన్ ఆపిండు, హారన్ కొట్టిండు. ఎవరూ రాలే. బస్సుల ఒక్కరు గూడ పోదాం పా అనలే. కిరాణం దుకాణం ఆయిన ఉరికొచ్చి, తెల్లారేసరికి నొప్పులొస్తె వనపర్తికి తీస్కపోయిండ్రు అన్నడు. ఆ వనపర్తినే దాటి వచ్చినం మేము. డ్యూటీ ఇడిసిపెట్టి ఎట్ల పోత? నాగర్‌కర్నూల్ దాకా పోయిన, టికెట్లు ఇచ్చిన, ఎవరికి యాడికి ఇచ్చిన్నో దేవునికే ఎరుక. లోపట కురుమూర్తిని ఒక్కటే అడుగుతున్న. వాపస్ వచ్చేటప్పుడు వనపర్తి బస్టాండ్‌ల బస్సు మళ్లుతుంటే, ఆడ, బుక్‌స్టాల్ ముంగట, కొంగు నడుముకు చెక్కుకొని మీ నాయనమ్మ నిలబడి ఉంది. దినాం ఒక్క చెయ్యి లేపేది. ఆ దినం రెండు చేతులు లేపింది.

రెండు చేతులు, శ్రీజా.

దేవదాసు స్టీరింగ్ మీద తలకాయ పెట్టి స్తోత్రం స్తోత్రం అంటుండు, నేను గోవిందా అంటున్న, బస్సు రెంటినీ మోసుకొని గద్వాలకు వచ్చింది. హోటల్ల అడుగు పెట్టి ఆడపిల్ల, తల్లీబిడ్డ మంచిగున్నరు అన్న. నాగప్ప పొయ్యి ఇడిసి వచ్చి మైసూరుపాకు పళ్లెం ఎత్తి బల్ల బల్లకు తిరిగి పంచిండు. నేను ఒక ముక్క ఆయిన నోటికాడికి తీస్కపోతే మొకం తిప్పుకున్నడు. 'పొద్దుగూకనియ్యి.' ఆ ముక్క అంగి జేబుల ఏసుకున్నడు. పొద్దుగూకేసరికి ఆ జేబు నిండ చీమలు. చీమలను దులుపుకుంట, ముక్క తినుకుంట, ఆయిన ఎగురుతుంటె మేము సూసినం. ఆ ఎగురుడు సూస్తె కురుమూర్తి స్వామి గూడ గుట్ట దిగి నవ్విపోతడు.

ఇరవై ఒకటి ఒడిసినయి. ఇగ ఇడువు నాగప్పా అన్న. ఇడువలే. 'ఒక్కపొద్దు పట్టినంక తెలిసింది కురుమన్నా, ఈడికి తిననీకి వచ్చేటోళ్లల్ల వారానికి ఒక్కరన్న దవాఖానకు పోతున్నోళ్లు ఉంటరు. ఎవరో ఒకరి కోసం ఉండాలె గద' అన్నడు. ఆరేండ్లు ఉన్నడు. రెండువేల తొమ్మిదిల పోయిండు, నిద్రల, శుక్రవారం. మర్నాడు శనివారం హోటల్ బంద్. ఆ పై శనివారం వచ్చి కూసున్నం, నేను, దేవదాసు. ఎవరు వండుతరో, ఎట్లుంటదో. తలుపు సందులకెల్లి సూస్తె ధనలక్ష్మి నిలబడి ఉంది పొయ్యికాడ. గరిటె లేపింది. సాంబారు సుక్క అరిసేతి దాకా వచ్చింది. ఆగింది. చెయ్యి నడుముకు తుడుసుకుంది. మా ముంగట గిన్నెలు పెట్టి పోయింది. నోట్ల పెట్టుకున్న, చప్పగుంది. దేవదాసు నా దిక్కు, నేను దేవదాసు దిక్కు. ఆ దినం ఎవరికోసమో ఆమెకే ఎరుక, నేను ఇంకో గిన్నె అడిగిన...

ఏందే, ఉప్పు గిన్నె గట్ల పక్కకు జరిపినవు? ఉప్పు ఏసుకోవా? అట్లనే తింటవా? తిను తిను, సల్లారుతది. అన్నా, జర ఆ నీళ్ల జగ్గు ఇటియ్యి.