ముత్యమన్న కండ్లు

మెట్‌పల్లిలో ఒక పాత ఫోటో స్టూడియో. ముప్పయ్యేళ్ల కిందటి ఎదురుకాల్పుల ఫోటోలతో స్టూడియో ఫోటోగ్రాఫర్ వేసిన పుస్తకాన్ని ఒకామె ఆయన బల్ల మీద తెరిచి పెట్టింది.

"గీయిన మా ముత్యమన్న. ఇంట్ల ఇంకో ఫోటో లేదు సారూ. గిదే పెద్దగ చేసి, కండ్లు తెరిచినట్టు దిద్దియ్యి."

"శవం ఫోటో గోడకెందుకు చెల్లె?"

"అందుకే దిద్దుమంటున్న. మా బాపు పోయినంక తీసిన ఫోటోకు గట్లనే దిద్దిచ్చినం."

"పోలీసులు పిలిపిస్తే పోయి తీసిన. ఆయన కండ్లెట్లుంటయో నాకేమెరుక?"

"నాకు సుత యాదికి లేదు. నా ఐదేండ్లప్పుడే అడవికి పోయిండు. ఆఖరుకు దగ్గర చూసింది నువ్వే."

ఆయన పుస్తకం మూసేశాడు.

"దిద్దుడు అవసరం లేదు చెల్లె. కండ్లు తెరిచిన ఫోటో ఉన్నది."

"మరి పుస్తకంల ఎందుకు పెట్టలే?"

"అది కాల్పులకు ముందు తీసింది. చేతులు కట్టేసి ఉన్నయి. నన్నే చూస్తుండు."