పాలపొంగు

కెల్లీవిల్‌లో కొత్తింటి గృహప్రవేశం. వంటింట్లో చుట్టాల సందడి మధ్య ఆ ఇంటి ఇల్లాలికి, తను పరిశోధన చేసే యూనివర్సిటీ ల్యాబ్ నుంచి జూనియర్ ఫోన్ చేశాడు.

"అక్కా, పొంగిందా?"

"ఇప్పుడే పొంగాయి రా, తూర్పు వైపే! అత్తయ్య మురిసిపోతోంది. లంచ్‌కి వచ్చెయ్."

"పాలు కాదక్కా. ట్రయల్ కోసం మీ గరాజ్‌లో పెట్టామే, మన సోడియం బ్యాటరీ."

ఆమె చేతిలో గరిటె ఆగింది.

"దానికేమవుతుంది? వేలసార్లు చార్జ్ చేసినా చెక్కుచెదరని కాథోడ్ కదరా మనది!"

"అదే బ్యాచ్ సెల్స్ ఇక్కడ పొద్దున్నుంచి పూరీల్లా ఉబ్బుతున్నాయి. వానపడ్డ రోజు ఎవరో కాథోడ్ పొడి డబ్బాకి మూత పెట్టలేదు. తేమ తగిలి పాడైన ఆ పొడితోనే ఈ సెల్స్ చేశాం."

ఆ రోజు ముహూర్తం చెప్పడానికి పంతులుగారు ఫోన్ చేస్తే, డబ్బా అలాగే వదిలేసి బయటికి పరుగెత్తింది తనే. ఆమె గరిటె పక్కన పెట్టి గరాజ్ వైపు నడిచింది.

"అక్కా, ముందు అందరినీ బయటికి పంపించు. వింటున్నావా?"

అప్పటికే ఆమె గరాజ్ తలుపు తీసింది. లోపల ఏదో తియ్యటి, ఘాటైన వాసన. గోడ అవతల చుట్టాలు నవ్వుతున్నారు.

"అక్కా, మాట్లాడు. ఎలా ఉంది?"

"పొంగింది రా... ఇదీ తూర్పు వైపే. వంటింటి గోడ వైపు."